చింగ్ రాజవంశం నాటి చైనా గనుల నిబంధనల జాప్యం, విదేశీ రాయబారుల ఒత్తిడి: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రపంచ చరిత్ర చదివేవాళ్లు బాక్సర్ తిరుగుబాటు (1900 ప్రాంతంలో చైనాలో విదేశీయుల మీద లేచిన తిరుగుబాటు) దాకా బాగానే వస్తారు. ఆ తర్వాత "గనుల నిబంధనలు ఏడాదిలో మారుస్తామని చైనా ఒప్పుకుంది, కానీ జాప్యం చేసింది" అనే ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతారు. ఎవరు జాప్యం చేశారు, ఎందుకు చేశారు, దానికి బ్రిటన్ ఎందుకంత టెన్షన్ పడింది అని అవే డౌట్లు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా రాశాను కాబట్టి కొన్ని తేదీలు, పేర్లు రెండు మూడు చోట్ల కనిపిస్తాయి.

## మొదటి దశ: ఒప్పందానికి ముందు (1902 దాకా)

అసలు గొడవేంటి? రెండు ముక్కల్లో చెప్పండి.

1902 సెప్టెంబర్ 5న షాంఘైలో బ్రిటన్, చైనా ఒక వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. విదేశీ పెట్టుబడికి అడ్డు లేకుండా తన గనుల నిబంధనలను ఏడాదిలోగా తిరగరాస్తానని చైనా అందులో మాటిచ్చింది. పూర్తి స్థాయి నిబంధనలు వచ్చేసరికి 1907 సెప్టెంబర్ అయింది. ఈ మధ్యలో విదేశీ రాయబారులు లేఖల మీద లేఖలు రాశారు. చివరికి వచ్చిన నిబంధనలు వాళ్లు కోరినదానికి దాదాపు రివర్స్‌లో ఉన్నాయి. అందుకే ఈ చిన్న వ్యవహారానికి చరిత్రలో ఇంత చోటు.

అంతకుముందు చైనాలో గనులకు రూల్సే లేవా?

ఉన్నాయి. 1898లో బీజింగ్‌లో గనులకు, రైల్వేలకు కలిపి ఒక కేంద్ర కార్యాలయం పెట్టారు. అదే ఏడాది నిబంధనలు కూడా ఇచ్చారు. వాటి ప్రకారం ఏ గనిలోనైనా కనీసం పదింట మూడు వంతుల పెట్టుబడి చైనీయులదే ఉండాలి. 1902 మార్చిలో విదేశాంగ శాఖ 19 నిబంధనలతో ఇంకో పత్రం తెచ్చింది. అది కాస్త ఉదారంగానే ఉండేది. చైనీయులు సొంతంగా తవ్వుకోవచ్చు, విదేశీయులు తవ్వవచ్చు, ఇద్దరూ కలిసీ తవ్వవచ్చు. కాబట్టి సమస్య రూల్స్ లేకపోవడం కాదు. అవి నాలుగేళ్లకోసారి మారిపోతుండటం, పైన బీజింగ్‌లో ఒకటి రాస్తే కింద ప్రావిన్సులో ఇంకోటి జరగడం అసలు సమస్య.

ఫెంగ్‌షుయ్ (నేల, కొండల అమరికను బట్టి మంచిచెడులు చెప్పే చైనా వాస్తు) నమ్మకాల వల్లే గనులు తవ్వనివ్వలేదని చదివాను. నిజమేనా?

19వ శతాబ్దం మధ్యలో ఆ మాట బాగా వినిపించేది. కొండల్ని తవ్వితే భూమి నాడులు తెగిపోతాయని, పూర్వీకుల సమాధులకు కీడని ఊళ్లలో నిజంగానే నమ్మేవారు. తమకు ఇష్టం లేని ప్రాజెక్టును ఆపడానికి అధికారులు ఆ నమ్మకాన్ని వాడుకున్నారు కూడా. కానీ 1902 నాటి జాప్యానికి అది కారణం కాదు. అప్పటికే టాంగ్షాన్ దగ్గర కైపింగ్ బొగ్గు గని మొదలై పాతికేళ్లు కావస్తోంది. దాని బొగ్గు మోయడానికి 1881లోనే రైలు పట్టాలు వేశారు. హుబేలో దాయే ఇనుప ఖనిజం తవ్వి హన్యాంగ్ కర్మాగారంలో ఉక్కు తీస్తున్నారు. ఆ కర్మాగారం పెట్టించిన గవర్నర్ జనరల్ జాంగ్ జిదోంగ్ చేతికే ఈ గనుల నిబంధనల ముసాయిదా వెళ్లింది. ఆయనకు గనులంటే భయం లేదు. గని పేరుతో భూమి చేజారిపోతుందనే భయం ఉంది.

1898లోనే విదేశీయులకు గనులు ఇచ్చేశారు కదా, మళ్లీ కొత్త నిబంధనలు దేనికి?

1898లో ఇచ్చినవన్నీ విడివిడి రాయితీలు. ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్లకు దక్కాయి. ఆ ఏడాది మార్చి 6 నాటి ఒడంబడికలో జర్మనీ షాన్‌డోంగ్‌లో తన రైలు మార్గాలకు రెండు వైపులా 30 లీల దూరం, అంటే సుమారు 15 కిలోమీటర్ల దాకా గని హక్కులు రాయించుకుంది. లండన్‌లో పుట్టిన పెకింగ్ సిండికేట్ మే నెలలో షాన్సీలో, జూన్‌లో హెనాన్‌లో బొగ్గు, ఇనుము ఉన్న జిల్లాలు పట్టింది. షాన్సీ ఒప్పందం గడువు 60 ఏళ్లు. రాయితీ దక్కనివాళ్లకు మాత్రం ఏ దారీ లేదు. ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎంత శిస్తు కట్టాలి, ఎంత విస్తీర్ణం ఇస్తారు అనే ప్రశ్నలకు అందరికీ వర్తించే జవాబు కావాలని లండన్, షాంఘై వ్యాపార సంఘాలు ఒత్తిడి తెచ్చాయి.

కైపింగ్ గని గురించి చదువుతుంటే అమెరికా అధ్యక్షుడు హూవర్ పేరు వస్తుంది. ఆయనేనా?

ఆయనే. 1929లో అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్, 1900 నాటికి పాతికేళ్లు దాటిన గని ఇంజనీరు. బెవిక్ మోరింగ్ అనే లండన్ కంపెనీ తరఫున తియాన్‌జిన్‌లో ఉండేవాడు.

జరిగింది ఇదీ. బాక్సర్ తిరుగుబాటుతో తియాన్‌జిన్ అల్లకల్లోలంగా ఉంది. కైపింగ్ గని అధిపతి జాంగ్ యీని విదేశీ సైన్యం అనుమానంతో నిర్బంధించింది. గనిని రష్యన్లు పట్టుకుపోతారేమోనన్న భయం ఇంకోవైపు. కస్టమ్స్‌లో పనిచేసే గుస్తావ్ డెట్రింగ్ అనే జర్మన్ మధ్యవర్తిగా వచ్చాడు. ఇంగ్లిష్ కంపెనీ పేరు మీద పెడితే గని భద్రంగా ఉంటుందని నచ్చజెప్పారు. 1900 జూలైలో ఒక పత్రం, 1901 ఫిబ్రవరిలో తుది బదిలీ పత్రం, దాంతోపాటు యాజమాన్యంలో చైనా వాళ్లకూ సమానంగా చోటుంటుందనే ఇంకో పత్రం రాసుకున్నారు. గని చేతికొచ్చాక ఆ చివరి పత్రాన్ని కంపెనీ పక్కన పడేసింది.

1903లో జిలీ గవర్నర్ జనరల్ యువాన్ షికాయ్ ఈ విషయం బయటపెట్టి, జాంగ్ యీ మీద చక్రవర్తికి ఫిర్యాదు చేశాడు. జాంగ్ యీ లండన్ వెళ్లి కేసు వేశాడు. 1905 మార్చిలో జస్టిస్ జాయిస్ ఆ పత్రం చెల్లుతుందని ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చాడు. అయినా గని తిరిగి రాలేదు. గనుల నిబంధనలు ముసాయిదాలో ఉన్న సంవత్సరాల్లోనే ఈ కేసు నడిచింది. అప్పుడు ఫైలు చూస్తున్న ఏ అధికారి అయినా విదేశీ వాటాల గురించి ఒకటికి పదిసార్లు ఆలోచించడంలో వింతేముంది?

## రెండో దశ: ఒప్పందం (1902–1903)

గనుల సంగతి వాణిజ్య ఒప్పందంలోకి ఎలా దూరింది?

దీని మూలం 1901 సెప్టెంబర్ 7 నాటి బాక్సర్ ప్రోటోకాల్‌లో ఉంది. 45 కోట్ల తేల్‌ల (తేల్ అంటే చైనా వెండి తూకం) నష్టపరిహారం అందరికీ గుర్తుంటుంది. కానీ 11వ అధికరణం మీద ఎవరూ పెద్దగా దృష్టి పెట్టరు. వాణిజ్య, నౌకాయాన ఒప్పందాల్లో విదేశాలు కోరిన సవరణల మీద చర్చకు చైనా సిద్ధంగా ఉండాలని అందులో ఉంది. ఆ తలుపు తెరుచుకోగానే బ్రిటన్ జాబితాతో వచ్చింది. దేశం లోపల సరుకుల మీద వేసే లికిన్ సుంకం రద్దు, నదుల్లో ఓడల రాకపోకలు, నాణేల సంస్కరణ, గనులు. ఓడిపోయి సంతకం పెట్టిన దేశంతో జరిగిన బేరం ఇది. మాటిచ్చింది చైనాయే కదా అని తేలిగ్గా అనేసే ముందు ఈ సందర్భం చూడాలి.

1902 ఒప్పందంలో గనుల గురించిన తొమ్మిదో అధికరణంలో సరిగ్గా ఏముంది?

నాలుగు విషయాలున్నాయి. ఖనిజ వనరులను అభివృద్ధి చేయడం, అందుకు చైనా పెట్టుబడితోపాటు విదేశీ పెట్టుబడినీ ఆకర్షించడం మంచిదని చైనా ఒప్పుకుంటుంది. సంతకం చేసిన ఏడాదిలోగా ఇప్పుడున్న గనుల నిబంధనల సవరణ మొదలుపెట్టి ముగిస్తుంది. బ్రిటన్, ఇండియా, ఇతర దేశాల నిబంధనల్లోంచి తనకు సరిపడేవి ఎంచుకుంటుంది. కొత్త నిబంధనలు విదేశీ పెట్టుబడికి అడ్డుకాకూడదు, అలాగని చైనా సార్వభౌమ హక్కులకు భంగం కలిగించకూడదు.

చివరి విషయాన్ని జాగ్రత్తగా చదవండి. రెండు వైపులవాళ్లూ తమకు కావాల్సిన ముక్కను అదే వాక్యంలో ఇరికించారు. తర్వాత అయిదేళ్ల పాటు బ్రిటిష్ రాయబారి మొదటి సగాన్ని చూపిస్తే, చైనా అధికారులు రెండో సగాన్ని చూపించారు. పైగా, నిబంధనలు వచ్చాక ఇచ్చే రాయితీలకే అవి వర్తిస్తాయని కూడా రాసుకున్నారు. ఆ మాట వల్ల పాత రాయితీలు పట్టినవాళ్లు క్షేమంగా బయటపడ్డారు.

ఒప్పందంలో ఇండియా పేరు ఎందుకుంది?

బ్రిటన్ దృష్టిలో అప్పటికి నడుస్తున్న నమూనా ఇండియాది. ముందు అన్వేషణకు లైసెన్సు, ఖనిజం దొరికితే గని లీజు, తవ్వినదాని మీద ప్రభుత్వానికి రాయల్టీ. లండన్‌లో నమోదైన కంపెనీ కలకత్తాలో దరఖాస్తు పెట్టి పని మొదలుపెట్టవచ్చు. చైనాలో కూడా అదే సాఫీగా నడవాలని కోరిక. అయితే ఇండియాలో ఆ లీజు మీద సంతకం పెట్టేది బ్రిటిష్ ప్రభుత్వమే. గని యజమాని, కోర్టు, పోలీసు అందరూ ఒకే జెండా కింద ఉంటారు. చైనాలో అలా కాదు. లైసెన్సు ఇచ్చేది చైనా, దాన్ని పుచ్చుకునేవాడు చైనా కోర్టుకు లోబడడు. ఇండియా నమూనా అక్కడ అతకకపోవడానికి ఇదొక్కటి చాలు.

బ్రిటన్ తరఫున ఈ ఒప్పందం చేసిన మెకే ఎవరు? ఇండియన్ హిస్టరీలో వచ్చే ఇంచ్‌కేప్ ఆయనేనా?

అవును, ఇద్దరూ ఒకరే. జేమ్స్ మెకే 1874లో కలకత్తా వచ్చి మెకినన్ మెకంజీ కంపెనీలో చేరాడు. బెంగాల్ చాంబర్ ఆఫ్ కామర్స్ అధ్యక్షుడయ్యాడు, వైస్రాయ్ శాసన మండలిలోనూ కూర్చున్నాడు. 1902 ఒప్పందాన్ని అందుకే మెకే ఒప్పందం అంటారు. 1911లో లార్డ్ ఇంచ్‌కేప్ అయ్యాడు. 1922–23లో ఇండియా ప్రభుత్వ ఖర్చుల కోతకు వేసిన కమిటీకి అధ్యక్షుడు ఆయనే.

ఆయన కంపెనీ నడిపిన బ్రిటిష్ ఇండియా స్టీమర్లు కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల నుంచి వేలమంది తెలుగు కూలీలను రంగూన్‌కు చేరవేశాయి. అంటే షాంఘైలో చర్చలకు కూర్చున్న మనిషి దౌత్యవేత్త కంటే ముందు ఓడల వ్యాపారి. ఎదుటివైపు లూ హైహువాన్, షెంగ్ షువాన్‌హువాయ్ కూర్చున్నారు. షెంగ్ కూడా తక్కువవాడు కాదు. ఓడలు, టెలిగ్రాఫ్, ఉక్కు కర్మాగారం అన్నీ ఆయన చేతిలో ఉండేవి. 1902 జూలైలో మెకే వూచాంగ్ వెళ్లి జాంగ్ జిదోంగ్‌తో కూడా మాట్లాడాల్సి వచ్చింది. ఆయనను దాటి ఏదీ జరగదని అందరికీ తెలుసు.

అమెరికా కూడా ఇలాంటి షరతు పెట్టిందా?

పెట్టింది. 1903 అక్టోబర్ 8న షాంఘైలోనే కుదిరిన అమెరికా–చైనా ఒప్పందం ఏడో అధికరణంలో దాదాపు అవే మాటలు, అదే ఏడాది గడువు ఉన్నాయి. అమెరికన్లకు చైనాలో గనులు తవ్వే హక్కును ఇంకాస్త నేరుగా రాసుకున్నారు. వేరే దేశాల్లో చాలావాటికి ఇంత వివరమైన అధికరణం అవసరం రాలేదు. అత్యంత అనుకూల దేశం అనే పాత షరతు వల్ల ఒకరికి ఇచ్చింది మిగతావాళ్లకూ దక్కుతుంది.

## మూడో దశ: జాప్యం, ఒత్తిడి (1903–1907)

గడువు ఎప్పుడు ముగిసింది? నిబంధనలు ఎప్పుడొచ్చాయి? తేదీలు కన్‌ఫ్యూజ్ అవుతున్నాయి.

బ్రిటన్ ఒప్పందం ప్రకారం 1903 సెప్టెంబర్ 5 నాటికి, అమెరికా ఒప్పందం ప్రకారం 1904 అక్టోబర్ 8 నాటికి సవరణ పూర్తి కావాలి. 1904 మార్చిలో వాణిజ్య శాఖ 38 అధికరణాలతో తాత్కాలిక నిబంధనలు ప్రకటించింది. జాంగ్ జిదోంగ్ తన ముసాయిదాను 1905 చివర్లో దర్బారుకు పంపాడు. దాని మీద శాఖల పరిశీలన నడిచి 1907 సెప్టెంబర్‌లో అధికారికంగా వెలువడింది. ఆరు నెలల తర్వాత, 1908 మార్చిలో అమల్లోకి వచ్చింది. బ్రిటన్ లెక్కన నాలుగేళ్ల పైచిలుకు ఆలస్యం.

1904 తాత్కాలిక నిబంధనలు లెక్కలోకి రావా?

చైనా వస్తాయంది, రాయబారులు రావన్నారు. 1902 మార్చి నిబంధనల్లో విదేశీ పెట్టుబడికి పెద్ద పరిమితి లేదు. 1904లో విదేశీ వాటా చైనా వాటాను మించకూడదని పెట్టారు. అడ్డంకులు తగ్గించమని ఒప్పందం రాసుకుంటే, సగానికి సగం అనే కొత్త గీత వచ్చి పడింది. పైగా 'తాత్కాలికం' అని పేరు పెట్టి, అసలువి జాంగ్ జిదోంగ్ రాస్తున్నారని చెప్పారు. నా ఉద్దేశంలో ఇది తెలివైన పని. గడువు దాటింది కదా అని అడిగితే చూపించడానికి ఒక పత్రం ఉంటుంది. ఇందులో లోపాలున్నాయంటే, ఇది తుది పత్రం కాదనే జవాబూ ఉంటుంది.

ఇంత ఆలస్యం ఎందుకు? బద్ధకమా, ఎత్తుగడా?

రెండూ ఉన్నాయి. ఏది ఎంత అని విడదీయడం కష్టం.

పాలనాపరమైన కారణాలు నిజమైనవే. బాక్సర్ ఓటమి తర్వాత శాఖలన్నీ మారుతున్నాయి. పాత జోంగ్లీ యామెన్ స్థానంలో 1901లో విదేశాంగ శాఖ వచ్చింది. 1903లో వాణిజ్య శాఖ కొత్తగా పుట్టింది, 1906లో అదే వ్యవసాయ, పరిశ్రమల, వాణిజ్య శాఖగా మారింది. గనుల ఫైలు ఈ ఆఫీసుల మధ్య తిరిగింది. ముసాయిదాను ఉమ్మడిగా చూడాల్సిన సీనియర్ గవర్నర్ జనరల్ లియు కున్యీ 1902 అక్టోబర్‌లోనే చనిపోయాడు. భారమంతా వూచాంగ్‌లో ఉన్న జాంగ్ జిదోంగ్ మీద పడింది. ఆయన చేతిలో అప్పటికే సైన్యం, బడులు, రైల్వే అప్పులు ఉన్నాయి. దానికితోడు విదేశీ గనుల చట్టాలు తెప్పించి అనువదించాలి. 74 ప్రధాన అధికరణాలు, 73 అనుబంధ అధికరణాలు ఏడాదిలో తయారయ్యే సరుకు కాదు.

కానీ అదొక్కటే అనుకుంటే ఒక విషయం అర్థం కాదు. అదే ప్రభుత్వం కంపెనీల చట్టాన్ని 1904లో చకచకా తెచ్చింది. తనకు అవసరమైనప్పుడు వేగం చూపగలిగింది. గనుల దగ్గర మాత్రం ప్రతి నెల ఆలస్యం చైనాకే లాభం. నిబంధనలు రాకపోతే కొత్త దరఖాస్తు తోసేయడానికి "నిబంధనలు తయారవుతున్నాయి, కాస్త ఆగండి" అనే మర్యాదైన జవాబు దొరుకుతుంది. ఈలోపు ప్రావిన్సుల్లో పెద్దమనుషులు, వర్తకులు, విద్యార్థులు కలిసి, విదేశీయుల చేతికెళ్లిన రైల్వే, గని హక్కులను వెనక్కి తీసుకోవాలనే హక్కుల పునరుద్ధరణ ఉద్యమం లేపారు. 1905లో అమెరికా కంపెనీ చేతిలోని కాంటన్–హాంకౌ రైలు మార్గం హక్కును 67.5 లక్షల డాలర్లిచ్చి వెనక్కి తీసుకున్నారు. దాన్ని నడిపించినవాడు మళ్లీ జాంగ్ జిదోంగే. ఆ గెలుపు తర్వాత ఆయన గనుల ముసాయిదాలో మెత్తదనం చూపిస్తాడని ఆశించడం అత్యాశ.

రాయబారుల ఒత్తిడి అంటే ఏం చేశారు? యుద్ధనౌకలు పంపారా?

ఈ విషయంలో పంపలేదు. ఒత్తిడంతా కాగితం మీదే. బ్రిటిష్ రాయబారి ఎర్నెస్ట్ సాటో, 1906 నుంచి ఆయన స్థానంలో జాన్ జోర్డాన్, అమెరికా తరఫున ఎడ్విన్ కాంగర్, ఆయన తర్వాత విలియం రాక్‌హిల్ ఉండేవారు. వీళ్ల లేఖలు విదేశాంగ శాఖకు, దాని అధిపతి ప్రిన్స్ చింగ్‌కు వెళ్లేవి. ఒప్పందం ప్రకారం గడువు దాటిందని గుర్తుచేయడం, ఫలానా నిబంధన ఒప్పందానికి విరుద్ధమని అభ్యంతరం చెప్పడం, మా పౌరుడి దరఖాస్తు ఎందుకు ఆగిందని నిలదీయడం వాళ్ల పని. విషయం సంబంధిత శాఖ పరిశీలనలో ఉందనే తరహా జవాబు అటునుంచి వచ్చేది. మన సర్కారీ ఆఫీసుల్లో తిరిగినవాళ్లకు ఆ జవాబు కొత్తగా అనిపించదు.

అయినా అవి ఉత్త లేఖలని తీసిపారేయకూడదు. బాక్సర్ ప్రోటోకాల్ వల్ల రాయబార కార్యాలయాలకు బీజింగ్ నడిబొడ్డున సొంత సైనిక కాపలా ఉంది. ఆ నీడలో వచ్చే లేఖ బరువే వేరు.

ఎక్స్‌ట్రాటెరిటోరియాలిటీ దీనికి ఎక్కడ అడ్డం వచ్చింది?

అసలు ముడి ఇక్కడే ఉంది. 1842 తర్వాతి ఒప్పందాల వల్ల చైనాలో ఉన్న బ్రిటిష్, అమెరికన్ పౌరులు చైనా కోర్టులకు లోబడరు. వాళ్ల కేసులు వాళ్ల కాన్సుల్ ముందుకు వెళతాయి. దానికి బదులుగా వాళ్లు మామూలుగా ఒప్పంద రేవుల్లోనే (ఒప్పందాల ద్వారా విదేశీయులకు తెరిచిన రేవు పట్టణాల్లోనే) ఉండాలి, లోపలి ప్రాంతాల్లో భూమి కొనకూడదు. మిషనరీలకు మాత్రం కొంత మినహాయింపు ఉండేది.

గని మాత్రం రేవులో ఉండదు, కొండల్లో ఉంటుంది. అక్కడ పైకప్పు కూలి కూలీలు చనిపోతే? పక్క రైతు బావి ఎండిపోతే? యజమానిని ఏ అధికారి పిలిపించాలి? చైనా అధికారే పిలవాలని బీజింగ్ అంటే, అది తమ హక్కులకు విరుద్ధమని రాయబారులు అన్నారు. మెకే ఒప్పందం 12వ అధికరణంలో బ్రిటన్ ఇంకో మాట కూడా ఇచ్చింది. చైనా చట్టాలు, వాటి అమలు తృప్తికరంగా మారాక ఈ ప్రత్యేక హక్కును వదులుకుంటామని. అది ఎప్పుడన్నది మాత్రం రాయలేదు. చైనా మాటకు ఏడాది గడువు, బ్రిటన్ మాటకు గడువే లేదు.

ఈ జాప్యం వల్ల నష్టపోయింది ఎవరు?

అందరికంటే ఎక్కువగా, కొత్తగా రావాలనుకున్న చిన్న విదేశీ కంపెనీలు. వాళ్లకు ఏ తలుపూ తెరుచుకోలేదు. 1898–1902 మధ్య రాయితీలు పట్టిన పెద్ద సిండికేట్లకు పెద్ద తొందర లేదు; కొత్త నిబంధనలు వాళ్లకు వర్తించవు, పైగా పోటీదారులు బయటే ఉంటారు. దౌత్య ఒత్తిడి గట్టిగా కనిపించినా లోపల డొల్లగా ఉండటానికి ఇదొక కారణం అనుకుంటాను.

చైనా సొంత గని వ్యాపారులూ నష్టపోయారు. హక్కు ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియకుండా లోతైన గనికి యంత్రాలు కొనడానికి ఎవరు డబ్బు పెడతారు? జాప్యం దేశానికి మేలే చేసిందనేవాళ్లు ఈ సంగతి మర్చిపోతుంటారు.

## నాలుగో దశ: నిబంధనలు వచ్చాక (1907 నుంచి)

1907 నిబంధనల్లో ముఖ్యమైనవి ఏంటి?

విదేశీయుడు ఒంటరిగా గని నడపలేడు, చైనా భాగస్వామి తప్పనిసరి. భూమి ఉపరితలం విదేశీయుడికి అమ్మకూడదు, అతడికి దక్కేది కింద ఖనిజం తవ్వే హక్కులో వాటా మాత్రమే. గని విస్తీర్ణాన్ని బట్టి ఏటా అద్దె, బయటికి తీసిన ఖనిజం మీద వేరే పన్ను. చైనా చట్టానికి లోబడతానని ముందే ఒప్పుకోవాలి. అన్వేషణ లైసెన్సు, తవ్వకం లైసెన్సు అని రెండు మెట్లుగా విడదీయడం, ఉపరితల హక్కును భూగర్భ హక్కు నుంచి వేరుచేయడం ఆధునిక గనుల చట్టాల పద్ధతే. ఒప్పందం చెప్పినట్టే బయటి దేశాల నుంచి ఎంచుకున్నారు. కాకపోతే తమకు రక్షణ ఇచ్చేవి ఎంచుకున్నారు.

మరి రాయబారులు వాటిని ఎందుకు ఒప్పుకోలేదు?

చైనా భాగస్వామి ఉండాలనే షరతు, చైనా న్యాయాధికారం, అధికారులకు ఇచ్చిన విచక్షణ ఈ మూడూ పెట్టుబడిని తరిమేస్తాయని, ఒప్పందం స్ఫూర్తికి విరుద్ధమని అభ్యంతరం చెప్పారు. జోర్డాన్ వాటిని బ్రిటిష్ పౌరులకు వర్తించే నిబంధనలుగా గుర్తించడానికి ఒప్పుకోలేదు, సవరణలు కోరాడు. ఫలితం విచిత్రంగా తయారైంది: నిబంధనలు లేవని నాలుగేళ్లు ఫిర్యాదు చేసినవాళ్లే, వచ్చాక అవి వద్దన్నారు. చింగ్ వంశం కూలేదాకా రెండు వైపులా ఒప్పుకున్న గనుల చట్టం అంటూ లేదు.

షాన్సీ గనులను డబ్బిచ్చి వెనక్కి కొన్నారట. ఎంత? ఎవరిచ్చారు?

27.5 లక్షల తేల్‌లు. తేల్ అంటే సుమారు 37 గ్రాముల వెండి, కాబట్టి మొత్తం దాదాపు వంద టన్నుల వెండి. 1908 జనవరిలో పెకింగ్ సిండికేట్‌తో ఒప్పందం కుదిరింది.

గొడవ 1905లో ముదిరింది. షిజియాజువాంగ్ నుంచి తైయువాన్‌కు రైలు మార్గం వస్తుండటంతో పింగ్‌డింగ్ బొగ్గుకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. ఆ జిల్లాల్లో తవ్వే హక్కు తనకొక్కడికే ఉందని, స్థానికులు ఆపాలని సిండికేట్ పట్టుబట్టింది. తరతరాలుగా అక్కడ చిన్న గుంతలు తవ్వుకుని బతికే ఊళ్లున్నాయి. బ్రిటిష్ రాయబార కార్యాలయం సిండికేట్ వెనక నిలబడింది. 1906లో జపాన్‌లో చదువుతున్న లీ పెయిరెన్ అనే షాన్సీ విద్యార్థి నిరసనగా సముద్రంలో దూకి ప్రాణం తీసుకున్నాడు. దాంతో ఉద్యమం వీధికెక్కింది.

స్థానిక బ్యాంకింగ్ కుటుంబానికి చెందిన చూ బెన్‌చియావ్ నాయకత్వంలో 1907లో బావోజిన్ గని కంపెనీ పుట్టింది. కొనుగోలు సొమ్ముకు భూమి శిస్తు మీద వేసిన అదనపు వసూలును ఆధారం చేసుకున్నారు. అంటే ఆ భారం చివరికి పడింది రైతు మీదే. సిండికేట్ అక్కడ పెద్దగా తవ్విందీ లేదు. ఒక సంతకం విలువ వంద టన్నుల వెండి అయింది.

మిగతా ప్రావిన్సుల్లో ఏం జరిగింది?

సిచువాన్‌లో ఆర్చిబాల్డ్ లిటిల్ జియాంగ్‌బే గని హక్కును 1909లో 2,20,000 తేల్‌లకు వెనక్కి తీసుకున్నారు. అన్హుయ్‌లో జాన్ లిస్టర్ కే పట్టిన టోంగ్‌గువాన్‌షాన్ రాగి గనికి 1910లో 52,000 పౌండ్లు ఇచ్చారు. యునాన్‌లో ఆంగ్లో–ఫ్రెంచ్ సిండికేట్‌కు 1911లో 15 లక్షల తేల్‌లు. హెనాన్‌లో మాత్రం పెకింగ్ సిండికేట్ కదల్లేదు, జియావోజువోలో బొగ్గు తవ్వుతూనే ఉంది.

జపాన్ ఈ గొడవలో ఎక్కడా కనిపించదేం?

జపాన్‌కు నిబంధనలతో పనిలేదు, దానికి వేరే దారులున్నాయి. 1904 జనవరిలో హన్యాంగ్ కర్మాగారానికి 30 లక్షల యెన్‌లు అప్పిచ్చి, దాయే ఖనిజాన్ని దానికి ముడిపెట్టింది. రష్యాను ఓడించాక 1905లో ఫుషున్ బొగ్గు గనిని ఆక్రమించి, 1909 సెప్టెంబర్ ఒప్పందంలో దాని మీద తన హక్కును చైనా చేత ఒప్పించుకుంది. లేఖలు రాస్తూ కూర్చున్న దేశాల కంటే ఎక్కువ బొగ్గు దానికే దక్కింది.

అదే కాలంలో మన దగ్గర గనుల రాయితీలు ఎలా ఇచ్చేవారు? సింగరేణికి ఇలాంటి కథ ఉందా?

ఉంది. చైనా పెకింగ్ సిండికేట్‌కు రాయితీ ఇవ్వడానికి పన్నెండేళ్ల ముందు, 1886లో హైదరాబాద్ సంస్థానం గని హక్కులను లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి అప్పగించారు. ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు దాని చేతికే వెళ్లింది. ఆ కంపెనీ వాటాల కొనుగోలులో సంస్థానం ఉన్నతాధికారి అబ్దుల్ హక్ పాత్ర మీద గగ్గోలు లేచి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్లింది. పోలిక ఇక్కడిదాకే. నిజాం మీద బ్రిటిష్ రెసిడెంటు ఉన్నాడు. బీజింగ్‌కు ఎన్ని అవమానాలున్నా, నాన్చడానికి సొంత శాఖలు, ఎదురు తిరగడానికి సొంత గవర్నర్ జనరళ్లు ఉన్నారు. సింగరేణిలో మెజారిటీ వాటా నిజాం ప్రభుత్వం చేతికి వచ్చేసరికి 1945 అయింది.

చింగ్ వంశాన్ని కూల్చిన 1911 విప్లవం తర్వాత ఈ నిబంధనలు ఏమయ్యాయి?

1914 మార్చిలో, అప్పటికి అధ్యక్షుడైన యువాన్ షికాయ్ ప్రభుత్వం కొత్త గనుల శాసనం తెచ్చింది. దాన్ని రూపొందించిన మంత్రి జాంగ్ జియాన్ స్వయంగా నూలు మిల్లుల యజమాని, విదేశీ పెట్టుబడి కావాలనేవాడు. అయినా విదేశీ వాటా సగం దాటకూడదనే గీత అలాగే ఉంచాడు. 1930 నాటి జాతీయవాద ప్రభుత్వ చట్టం ఇంకా బిగించి, సగానికి పైగా వాటాలు, డైరెక్టర్లలో మెజారిటీ, అధ్యక్ష పదవి చైనీయులవే కావాలంది. రాయబారులు అన్నేళ్లు పట్టుబట్టిన ప్రత్యేక న్యాయాధికారాన్ని బ్రిటన్, అమెరికా 1943 జనవరి 11న చేసుకున్న ఒప్పందాల్లో వదులుకున్నాయి. అప్పటికి ఆ గనుల్లో చాలావరకు జపాన్ సైన్యం అధీనంలో ఉన్నాయి.